మాస్టారు మీకు మెంటార్ కాలేరు

ప్రశ్న: నమస్కారమండీ. నా వయసు 32. సొంతూరు హిందూపురం, పదేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. ఎనిమిదేళ్లు ఐటీ కంపెనీలో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌గా చేశాను. ఏడు నెలల క్రితం ఆ ఉద్యోగం మానేసి, నెలకు 45 వేల జీతానికి ఒక చిన్న కళా ట్రస్టులో మేనేజర్‌గా చేరాను. తోలుబొమ్మలాట, పద్యనాటకం బడి పిల్లలకు పరిచయం చేయడం మా పని. చిన్నప్పుడు నాకు పద్యం నేర్పిన మాస్టారే ఈ ట్రస్టు పెట్టారు. బ్యాంకులో రిటైరయ్యారు, ఇప్పుడు 68 ఏళ్లు. నన్ను కూతురిలా చూస్తారు. కానీ ఎవరు ఫోన్ చేసినా ప్రోగ్రాం ఒప్పేసుకుని, తర్వాత నాకు చెబుతారు. కళాకారులు డబ్బుల విషయం నాతో మాట్లాడరు, నేరుగా ఆయనకే ఫోన్ చేస్తారు. ట్రస్టీల మీటింగులో నేనున్నది టీ చెప్పడానికీ, మినిట్స్ రాయడానికీ. నాలో లీడర్ లక్షణాలు లేవేమో అని టెన్షన్‌గా ఉంది. లక్షన్నర కట్టి ఆన్‌లైన్ లీడర్‌షిప్ కోర్సులో చేరమని ఒక ఫ్రెండ్ అంటోంది. ‘అంతటి మాస్టారుండగా నీకు వేరే మెంటార్ ఎందుకు?’ అంటున్నారు మావారు. ఏం చేయమంటారు? ఇంకో చిన్న సందేహం. మీటింగులో ఆయన్ని ‘సార్’ అనాలా, ‘మాస్టారూ’ అనాలా?
పేరు వద్దు, జయనగర్, బెంగళూరు

సమాధానం: మీవారు అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. చిక్కుముడి అక్కడే ఉంది.

మాస్టారు మీకు పద్యం నేర్పిన గురువు. జీతమిచ్చే యజమాని. కూతురిలా చూసుకునే పెద్దదిక్కు. మూడు కుర్చీల్లోనూ ఆయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. మెంటార్ కుర్చీ కూడా ఆయనకే వేస్తే ఇక మీరు నిలబడడానికి ఆ గదిలో చోటుండదు. మెంటార్ అంటే మనం ఎవరి దగ్గర ‘ఇది నాకు రాదు’ అని భయం లేకుండా చెప్పగలమో ఆ మనిషి. ‘మా పెద్దాయన ఇలా చేస్తున్నారు, నేనేం చేయను?’ అని అడగగలిగే మనిషి. మాస్టారి మీద ఫిర్యాదు మాస్టారికే ఎలా చేస్తారు?

మన కళల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. పాటైనా పద్యమైనా గురువు ఎదురుగా కూర్చుని నేర్చుకున్నవాళ్లం. రాగం జారితే ఆయన కళ్లెత్తి చూస్తారు, మనం సర్దుకుంటాం, ఎందుకని అడగం. విద్య అలాగే వస్తుంది, అందులో తప్పేం లేదు. కానీ అదే అలవాటుతో ఆఫీసులో కూర్చుంటే బడ్జెట్ గురించి కూడా ఎందుకని అడగలేం. ఇంకో మాట చెబితే ఏమీ అనుకోకండి. కూతురిలా చూస్తారని సంతోషపడుతున్నారు, బాగానే ఉంది. కానీ జీతం పెంచమనీ, ఆదివారం సెలవు కావాలనీ కూతురు అడగలేదు. మేనేజర్ అడగొచ్చు.

లీడర్ లక్షణాలు లేవేమో అన్నారు. జేపీ నగర్‌లో రంగశంకరకు వెళ్లే ఉంటారు, మీ ఇంటికి దగ్గరే. అరుంధతీ నాగ్ పూనుకుని కట్టించిన ఆ థియేటర్ 2004లో తెరుచుకుంది. నాటకం చెప్పిన టైముకి మొదలవుతుంది, ఆలస్యంగా వస్తే లోపలికి వదలరు. బెంగళూరు ట్రాఫిక్‌లో గంటన్నర కొట్టుకుని వచ్చిన మనిషిని, టికెట్ చేతిలో ఉండగా, కుదరదని వెనక్కి పంపడం మామూలు విషయం కాదు. తలుపు దగ్గర ఆ మాట చెప్పేది చాలాసార్లు పాతికేళ్లు కూడా నిండని ఎవరో అమ్మాయో అబ్బాయో. వాళ్లకు పుట్టుకతో నాయకత్వం వచ్చిందని నేననుకోను. వాళ్ల వెనక ఒక నియమం ఉంది, దాన్ని పెట్టినవాళ్లు ఎవరికోసమూ సడలించరన్న ధైర్యం ఉంది. అందుకే నోరు పెగులుతుంది. మీకు కావలసింది కూడా అలాంటి రెండు మూడు నియమాలు, కాగితం మీద, మాస్టారి సంతకంతో. అవి లేనంతకాలం మీరు ఎన్ని కోర్సులు చేసినా ఆ ఆఫీసులో అమ్మాయిగానే ఉంటారు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. రేపు ఉదయం ఒక తెల్ల కాగితం తీసుకుని నెలల పేర్లు వరసగా రాయండి. మీ ట్రస్టు లెక్కలు నాకు తెలియవు కాబట్టి అంకెలు నేనే వేస్తున్నాను. జులై 1న ఖాతాలో 4,20,000 ఉందనుకుందాం. నెల ఖర్చు జీతాలకు 95,000, అద్దె 18,000, కరెంటు, నెట్, ఆటోలు, ఆడిటర్ కలిపి 17,000. మొత్తం 1,30,000. జులై ఆఖరుకి మిగిలేది 2,90,000. ఆగస్టు ఆఖరుకి 1,60,000. సెప్టెంబర్ ఆఖరుకి 30,000. అక్టోబర్‌లో జీతాలు, అద్దె ఇవ్వాలంటే ఇంకో లక్ష కావాలి, కంపెనీ ఇచ్చే సీఎస్సార్ (సామాజిక బాధ్యత కింద ఇచ్చే) డబ్బు రెండో విడత చూస్తే నవంబర్‌లో. ఇప్పుడు ఆగస్టులో మాస్టారు ఫోన్‌లో ఒప్పుకున్న ఒక ఉచిత ప్రదర్శన ఇందులో కలపండి. ఏడుగురి దళానికి 21,000, రైలు, ఆటో 4,000, బస, భోజనాలు 5,000. అంటే 30,000. సెప్టెంబర్ ఆఖరుకి మిగలాల్సింది సరిగ్గా అంతే. సున్నా.

ఈ కాగితం ఆయన ముందు పెట్టండి. ఏమీ అనకండి. జీవితమంతా బ్యాంకులో పనిచేసిన మనిషికి ఈ భాష మీకంటే నాకంటే బాగా వచ్చు. ఇన్నాళ్లూ మీరు ‘అన్ని ప్రోగ్రాంలు ఒప్పుకోకండి మాస్టారూ’ అన్నప్పుడల్లా అది శిష్యురాలి ఎదురుమాటలా వినిపించి ఉంటుంది. అక్టోబర్ గడిలో ఎర్ర సిరాతో రాసిన లక్షా ముప్పై వేలు అలా వినిపించవు.

మాట్లాడేది మాత్రం ఆఫీసులోనే మాట్లాడండి, వాళ్లింటికి వెళ్లి కాదు. వాళ్లింట్లో అయితే అమ్మగారు కాఫీ తెస్తారు, మీరు లేచి గ్లాసులు కడుగుతారు, మళ్లీ కూతురైపోతారు.

ఆయన్ని అడగాల్సింది చాలా చిన్న విషయం. మూడు నెలలపాటు ఒక పద్ధతి పెట్టి చూద్దామనండి. ఏ ఆట ఆడాలి, ఏ దళాన్ని పిలవాలి, పిల్లలకు ఏ పద్యం నేర్పాలి, ఇవన్నీ పూర్తిగా ఆయనవే, మీరు నోరెత్తరు. తేదీలు మాత్రం మీవి. ఎవరైనా ఫోన్ చేస్తే ‘మా మేనేజర్ క్యాలెండర్ చూసి రేపు చెబుతుంది’ అని ఆయన అంటే చాలు. పదివేల లోపు ఖర్చుకు ఆయన్ని అడగక్కర్లేదు, నెలాఖరున రసీదులు చూపిస్తారు. ఇది ఆయనకూ మేలే. నేను చూసిన వ్యవస్థాపకుల్లో సగం మంది ఉదారులై ఒప్పుకునేవాళ్లు కాదు, మొహమాటస్తులు. కాదనలేక ఔనంటారు, రాత్రి నిద్ర పట్టక లెక్కలేసుకుంటారు. కాదని చెప్పే పని మీరు నెత్తినేసుకుంటే పైకి గొణిగినా లోపల ఊపిరి పీల్చుకుంటారు.

కళాకారుల సంగతికి వస్తే, వాళ్లు మిమ్మల్ని తక్కువ చేస్తున్నారని బాధపడుతున్నారు. నాకలా అనిపించడం లేదు. డబ్బు ఎక్కడ దొరుకుతుందో అక్కడికే ఫోన్ చేస్తున్నారు. కంపెనీ వాళ్ల చెక్కు రావడానికి నెలన్నర పడుతుంది, ఆలోపు మాస్టారు తన జేబులోంచి ఇచ్చేస్తుంటారు. అవునా కాదా కనుక్కోండి. ఆ అలవాటు ఉన్నంతకాలం మీ నంబరుతో ఎవరికీ పనిలేదు.

మీ దళాలు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట వైపువే అయి ఉంటాయి. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరు. మీ హిందూపురం మీదుగా వెళ్లే రైలే, ఒక ఆదివారం ఎక్కి వెళ్లిరండి. అక్కడ ఇంటిల్లిపాదీ కూర్చుని మేకతోలు మీద బొమ్మ గీసి, చిల్లులు కొట్టి, రంగులద్దుతుంటారు. ఆ చేతులే లాంప్‌షేడ్లు కూడా చేస్తాయి. చాలా ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆటతో కాదు, ఆ లాంప్‌షేడ్లతో. అంటే మీ ఒక్క ప్రదర్శన కోసం బెంగళూరు వచ్చి వెళ్లడమంటే వాళ్లకు రెండు మూడు రోజుల పని పోయినట్టు. అది కళ్లతో చూశాక అడ్వాన్స్ ఎందుకివ్వాలో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తిరిగొచ్చాక ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాయండి. ఎంతమంది వస్తారు, ఎంతసేపు ఆడతారు, మొత్తం ఎంత, సగం ఏ రోజున ఖాతాలో పడుతుంది, మిగతా సగం ఎప్పుడు, పడక ఎక్కడ, భోజనంలో మాంసం ఉంటుందా లేదా. (నవ్వకండి. ఒకసారి రెండు రోజులు పెరుగన్నం పెట్టినందుకు ఒక దళం మా సంస్థ పేరెత్తితే ఏడాదిపాటు మొహం తిప్పుకుంది.) టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపన్ను) కోయాల్సి వస్తే ఆ మాట ముందే చెప్పండి. పదివేలని చెప్పి తొమ్మిది వేలు చేతిలో పెడితే వాళ్ల లెక్కలో మీరు వెయ్యి తిన్నట్టే. ఒప్పందం ఫోన్‌లో పంపి ఊరుకోకుండా మీరే చదివి వినిపించండి. ఆట అయిన రాత్రే, తెర మడతపెట్టకముందే మిగతా డబ్బు వేసేయండి. ఇందుకోసం మాస్టారు తన జేబులోంచి ఇచ్చే డబ్బునే ట్రస్టుకు అప్పుగా చూపించి, మీ చేతుల మీదుగా తిప్పండి. రెండు ఆటలు అలా జరిగితే మూడో ఆటకు ఫోన్ మీకే వస్తుంది.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. మద్రాసులో, మైలాపూర్ సంగీత సభల్లో డిసెంబర్ కచేరీల సీజన్‌కు టికెట్లు చింపడంతో మొదలైంది నా పని. పాతికేళ్ల కిందట బెంగళూరు వచ్చి, మీరు కూర్చున్నలాంటి కుర్చీలోనే కూర్చున్నాను. మొదటి పెద్ద కార్యక్రమం తోలుబొమ్మలాటే. హాలు బుక్ చేశాను, దళం వచ్చింది, పంచె తెర బిగించి కట్టారు. దళం పెద్ద ఆముదం దీపం పెట్టించమన్నాడు. అప్పటికే అందరూ బల్బులు వాడుతున్నారు, ఈయన మాత్రం ‘దీపం కదిలితేనే బొమ్మ ఊపిరి తీసుకుంటుంది తల్లీ’ అన్నాడు. నాకా మాట ఎంతో నచ్చింది. ప్రమిదలు తెప్పించాను. ఆట ఇంకో గంటలో ఉందనగా హాలు మనిషి వచ్చి లోపల నిప్పు కుదరదన్నాడు. బుకింగ్ కాగితం వెనకవైపు తొమ్మిదో షరతు, కింద సంతకం నాదే. చదవలేదు. దళం పెద్ద బొమ్మలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. మా వ్యవస్థాపకుడు ముందు వరసలో ముఖ్య అతిథితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. నేను గ్రీన్‌రూమ్‌లో ఏడ్చాను.

లైటింగ్ చేయడానికి వచ్చిన ఆయన అదంతా చూశాడు. ఏమీ అనలేదు. ఒక బల్బుకి పసుపు జిలెటిన్ కాగితం చుట్టి, వైరుతో తెర వెనక వేలాడదీసి, ఒక కుర్రాడిని పక్కన కూర్చోబెట్టి దాన్ని వేలితో మెల్లగా కదపమన్నాడు. తెల్లటి తెర మీద హనుమంతుడి తోక ఒణికింది. పెద్దాయన కాసేపు చూసి, పెట్టె మళ్లీ తెరిచాడు.

మర్నాడు ఆ లైటింగాయనకు డబ్బులివ్వడానికి వెళ్తే, టీ తాగుతూ చెప్పాడు. ఏ హాలుకి వెళ్లినా మూడు అడుగు. కరెంటు ఎంత లోడు తీసుకుంటుంది? సామాను దింపడానికి గేటు ఎన్నింటికి తీస్తారు, తాళం ఎవరి దగ్గర? ఏమేం కుదరవు? ఆ మూడు ప్రశ్నలూ ఇవాళ్టికీ నా డైరీ మొదటి పేజీలో ఉన్నాయి. తర్వాత ఆరేళ్లపాటు ఏ పెద్ద ప్రోగ్రాం ముందైనా ఆయనకు ఒక ఫోన్ కొట్టేదాన్ని. మెంటార్ అన్న మాట ఆయనా వినలేదు, నేనూ వాడలేదు. ఆయన నాకు బాస్ కాదు, ఆయన దగ్గర నా పరువు పోయేదేమీ లేదు, అప్పటికే ఏడుపు చూసేశాడు కూడా. అందుకే పనికొచ్చాడు.

కాబట్టి ఒకే పెద్ద మెంటార్ కోసం వెతక్కండి. ఒక్కో విషయానికి ఒక్కో మనిషి. లెక్కలకు, ట్రస్టుల పని తెలిసిన ఒక చార్టర్డ్ అకౌంటెంట్. హాళ్లూ టికెట్లూ నడిపిన అనుభవమున్న ఒక నాటకసంస్థ మనిషి. మీలాగే ఇంకో చిన్న సంస్థలో కొత్తగా చేరి తలపట్టుకున్న మీ ఈడు మనిషి ఒకరు, ఇదే అన్నిటికంటే ముఖ్యం, రాత్రి పదకొండింటికి కూడా వాళ్లకు మెసేజ్ పెట్టొచ్చు. మీ ట్రస్టీలు మాత్రం వద్దు. మీకు డబ్బిచ్చే కంపెనీ సీఎస్సార్ అధికారి అసలే వద్దు, ఆ అమ్మాయి ఎంత స్నేహంగా ఉన్నా సరే. ఆవిడ ముందు మీరు అక్టోబర్ గడి దాచిపెడతారు. దాచిపెట్టాల్సిన మనిషి దగ్గర సలహా దొరకదు.

అకౌంటెంట్ అంటే ఏటా ఆడిట్ సంతకం పెట్టేవాడేగా అనుకోకండి. ఒక ఉదాహరణ చెబుతాను. మాస్టారి మేనల్లుడు డాలస్ నుంచి వెయ్యి డాలర్లు పంపుతానన్నాడనుకుందాం (అలాంటి మేనల్లుడు లేని తెలుగు ట్రస్టును నేనింతవరకు చూడలేదు). అతనిది ఇంకా భారత పాస్‌పోర్టే అయి, సొంత సంపాదన మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా, అదే వెయ్యి డాలర్లు విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకుండా ముట్టుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, అందులో ఆఫీసు ఖర్చులకు 20 శాతం మించి వాడకూడదు. మేనల్లుడిది ఏ దేశం పాస్‌పోర్టో అడగాలని ఏ లీడర్‌షిప్ క్లాసులోనూ చెప్పరు. అలాగే దాతలకు పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదులిచ్చే సంస్థ దాతల వివరాలు ఏటా మే 31లోగా ఐటీ శాఖకు ఇవ్వాలి, తప్పితే రోజుకు 200 రూపాయల ఫీజు. మీ ట్రస్టులో ఆ తేదీ ఎవరి క్యాలెండర్‌లో ఉంది? ఎవరి క్యాలెండర్‌లోనూ లేకపోతే ఇవాళే మీ దాంట్లో రాసుకోండి.

ఇలాంటివాళ్లను ఎలా అడగాలంటారా? ‘మీరు నాకు మెంటార్‌గా ఉంటారా?’ అని మాత్రం అడక్కండి. ఎదుటివాళ్లకు జీవితాంతం బాధ్యత నెత్తిన పడ్డట్టుంటుంది, మర్యాదగా తప్పుకుంటారు. ‘సార్, నేను ఫలానా ట్రస్టులో కొత్త మేనేజర్‌ని. మా ప్రదర్శనలకు మొదటిసారి టికెట్ పెడదామనుకుంటున్నాం, వందా రెండొందలా తేల్చుకోలేకపోతున్నాం. వచ్చే వారం ఏదో ఒక రోజు అరగంట టైమివ్వగలరా? మా పోయినేడు లెక్కలు ఒక పేజీలో ముందే పంపుతాను.’ ఇంతే. వెళ్లినప్పుడు కాఫీ బిల్లు మీరే కట్టండి. రెండు వారాల తర్వాత, మీరు చెప్పినట్టు చేశాం, ఇలా అయింది అని రెండు ముక్కలు రాయండి. ఇది చాలామంది చేయరు, చేసినవాళ్లను పెద్దవాళ్లు గుర్తుపెట్టుకుంటారు. మూడోసారి కలిసేసరికి వాళ్లే ‘ఆ విషయం ఏమైంది?’ అని అడుగుతారు.

మనుషులు ఎక్కడ దొరుకుతారన్న బెంగ బెంగళూరులో ఉండేవాళ్లకు అక్కర్లేదు. ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1993 నుంచి ఈ ఊళ్లోనే ఉంది. వాళ్ల గ్రాంట్లు అందుకున్నవాళ్లు తమ పని చూపించే కార్యక్రమాలు జరుగుతుంటాయి. వెళ్లి వెనక వరసలో కూర్చోండి, అయిపోయాక వెంటనే ఇంటికి పరిగెత్తకండి.

ఇక కోర్సు. ఆ లక్షన్నర ఇప్పుడు కట్టొద్దు. మీకది మూడు నెలల జీతం కంటే ఎక్కువ. కోర్సులకు నేను వ్యతిరేకిని కాను. ఇండియా థియేటర్ ఫోరం, ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్, జునూన్ అనే సంస్థలు కలిసి ‘స్మార్ట్’ పేరుతో నాటక బృందాలకు శిక్షణ పెట్టాయి. ఆర్ట్‌థింక్ సౌత్ ఏషియా అని కళాసంస్థల నిర్వహణ మీదే ఒక ఫెలోషిప్ నడిచింది. ఇలాంటివాటికి దరఖాస్తులు పిలిచినప్పుడు తప్పకుండా వేయండి. బ్రిటన్‌లో క్లోర్ లీడర్‌షిప్ ఫెలోషిప్ పద్ధతి నాకు ఇష్టం. తరగతులతో పాటు ఒక మెంటార్‌ని ఇచ్చి, ఫెలోను కొన్నాళ్లు వేరే సంస్థలోకి పనికి పంపేవారు. ఆ చివరిదే అసలు మందు. మన ఇంటి వంట రుచి తెలియాలంటే పక్కింట్లో నాలుగు రోజులు తినాలి.

అది మీరు ఫీజు లేకుండానే చేయొచ్చు. ఈ డిసెంబర్‌లో వారం రోజులు సెలవు పెట్టి చెన్నై వెళ్లండి, ఏదైనా సభలో వాలంటీరుగా చేస్తానని ఇప్పుడే ఉత్తరం రాయండి. మ్యూజిక్ అకాడమీ 1927 నాటి మద్రాసు కాంగ్రెస్ మహాసభతో పాటు జరిగిన సంగీత సమావేశంలోంచి పుట్టింది. దానికి కార్యదర్శిగా పనిచేసిన ఇ. కృష్ణ అయ్యర్ వృత్తికి లాయరు. మనకంటే ముందు ఈ పని చేసినవాళ్లు ఇలా పగలు ఒక ఉద్యోగం, సాయంత్రం సభ అని బతికినవాళ్లే. ఆ పద్ధతి ఇంకా చాలా సభల్లో నడుస్తోంది, మంచీ చెడూ రెండూ కళ్లారా చూడొచ్చు. ఒకే వేదిక మీద నాలుగింటి కచేరీ దిగి ఆరింటి కచేరీ ఎక్కే మధ్యలో మైకులు, తివాచీ, స్పాన్సరు బ్యానరు, వీణకు దారి ఇవన్నీ ఎవరు ఎవరికి చెప్పి చేయిస్తున్నారో చూడండి. ఒక్క సాయంత్రం చాలు. క్యాంటీన్లో టిఫిను కూడా బాగుంటుంది.

ఆ ఆన్‌లైన్ కోర్సువాళ్లను మాత్రం ఒక్క మాట అడిగి చూడండి. మా ట్రస్టు లెక్కలూ, క్యాలెండరూ నేను పట్టుకొస్తే వాటి మీద పనిచేయిస్తారా? ఔనంటే వచ్చే ఏడు ట్రస్టు ఖర్చుతో వెళ్లేలా బడ్జెట్‌లో రాయండి. మీ జీతంలోంచి కాదు.

ట్రస్టీల సంగతి మిగిలింది. మినిట్స్ రాయడానికే ఉన్నానన్నారు. అమ్మా, మినిట్స్ రాసే చెయ్యి చిన్నదనుకోకండి. మీటింగుకు ఐదు రోజుల ముందు ఒక పేజీ పంపండి. ఖాతాలో ఎంతుంది, అక్టోబర్‌లో ఎంత తగ్గుతుంది, వాళ్లు తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే ఒకటి. మినిట్స్‌లో ఎవరు ఏం మాట్లాడారో కథలా రాయొద్దు. ఎవరు, ఏ పని, ఏ తేదీకి. తర్వాతి మీటింగులో మొదటి అంశంగా అదే చదవండి. ‘దాతను కలుస్తానన్నారు, జూన్ 20లోగా’ అని పేరుతో సహా పైకి చదివితే, రెండో మీటింగు నుంచే ఎదురుగా ఉన్నవాళ్ల కూర్చునే తీరు మారుతుంది. టీ సంగతి ఆఫీసు కుర్రాడికి ముందే చెప్పి పెట్టండి, మధ్యలో లేవకండి.

ఎప్పుడైనా తీరిక దొరికితే ట్రస్ట్ డీడ్ (ట్రస్టు పెట్టినప్పుడు రాసుకున్న పత్రం) తీసి మొదటి నుంచి చివరిదాకా చదవండి. చెక్కు మీద ఎవరు సంతకం పెట్టాలి, మేనేజింగ్ ట్రస్టీ తర్వాత ఎవరు, మేనేజర్ అన్న మాట అసలుందా? రుక్మిణీదేవి 1936లో మద్రాసులో నాట్యం నేర్పే కళాక్షేత్ర పెట్టి, 1986లో పోయేదాకా యాభై ఏళ్లు తానే నడిపారు. ఆవిడ తర్వాత ఆ సంస్థ నడవడానికి 1993లో పార్లమెంటు చట్టం చేసింది. మన బోటి ట్రస్టుల కోసం పార్లమెంటు కూర్చోదు, ఆ డీడ్ ఒక్కటే దిక్కు. 68 ఏళ్లాయనతో ఈ మాట ఎత్తడానికి మీకు నోరు రాదు, నాకు తెలుసు. మీరు ఎత్తొద్దు. మీ అకౌంటెంట్‌తో ఎత్తించండి, వాళ్లు మొహమాటం లేకుండా అడుగుతారు.

చివరిగా మీ చిన్న సందేహం. మీటింగులో ‘మాస్టారూ’ అనే పిలవండి, ‘సార్’ అంటే ఆయన నొచ్చుకుంటారు, మీకూ నోరు తిరగదు. మినిట్స్‌లో మాత్రం ‘మేనేజింగ్ ట్రస్టీ’ అని రాయండి. మీ పేరు పక్కన కూడా ‘మేనేజర్’ అని రాసుకోవడం మరిచిపోకండి.